మధ్యాహ్నం మాత్ర

కుక్క కనబడితే చాలు, భూతద్దానికి పై ప్రాణాలు పైనే పోతాయి. హంతకుల కళ్ళలోకి సూటిగా చూసి నిజం కక్కించిన మనిషి, వీధి మలుపులో బక్కచిక్కిన కుక్క ఎదురైతే చెప్పులు చేతబట్టుకుని వచ్చిన దారినే వెనక్కి పోతుంది. చిన్నప్పుడు ఓ కుక్క పిక్క పట్టుకున్న పుణ్యానికి బొడ్డు చుట్టూ పొడిపించుకున్న సూదులు ఆవిడకి ఇంకా గుర్తే. అలాంటి మనిషి ఇప్పుడు పశువుల ఆసుపత్రిలో, స్టీలు బల్ల పక్కన, దూడంత కుక్క వెనక కాలు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది.

"గట్టిగా పట్టుకోండి. ఇది కరిచే స్థితిలో లేదు," అంది డాక్టరమ్మ సూది సిద్ధం చేస్తూ. "కరిస్తే అందరికంటే ముందు నేనే సంతోషిస్తాను."

భూతద్దం పట్టు బిగించింది. కాలు చల్లగా తగిలింది. ఆవిడకి భయం వేసింది. కరుస్తుందేమోనని కాదు, ఇంకెప్పటికీ కరవదేమోనని.

ఆవిడ ప్రైవేట్ డిటెక్టివ్. కళ్ళద్దాలు సీసా అడుగంత మందంగా ఉంటాయని పోలీసులు వేళాకోళానికి పెట్టిన పేరు భూతద్దం. ఆ పేరే స్థిరపడిపోయింది. కుక్క పేరు దొర. దొర యజమానిని అందరూ పెద్దాయన అంటారు. లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగంలో రిటైరైన ఆయన ఎల్లుండి కోర్టులో నోరు విప్పాలి. ఒక పెద్ద వ్యాపార భవనంలో లిఫ్టు తెగిపడి తొమ్మిది మంది పోయారు. ఆ లిఫ్టు ఎక్కితే చస్తారని ముందే చెప్పింది ఆయనొక్కడే. ఆయన కోర్టుకి చేరితే భవనం యజమాని జైలుకి పోతాడు. చేరకపోతే తొమ్మిది చావులూ ప్రమాదం కింద కొట్టుకుపోతాయి. ఇంటికి పోలీసు కాపలా పెట్టినా ఆయన కూతురికి కంటి మీద కునుకు పట్టక భూతద్దాన్ని కూడా పిలిపించుకుంది. కొన్నాళ్ళు చీమ చిటుక్కుమనలేదు. ఈ పొద్దున కుక్క పడిపోయింది.

"ఏం మింగింది? ఎంత మింగింది? ఎప్పుడు మింగింది?" అని డాక్టరమ్మ గుక్క తిప్పుకోకుండా అడిగింది. "ముందు ఈ మూడూ చెప్పండి. ఏడుపు తర్వాత."

దొర తల ఒళ్ళోకి తీసుకుని కూర్చున్న కూతురు కళ్ళు తుడుచుకుంది. "తెలీదు డాక్టర్. పొద్దున లేచి బానే తిరిగాడు. నాన్న ఫలహారం చేసేటప్పుడు రోజూలాగే ఆయన కుర్చీ పక్కనే పడుకున్నాడు. తొమ్మిదింటికి తూలుకుంటూ వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. అంతే."

"ఎలుకల మందండీ," అన్నాడు వెనక నిలబడ్డ బాబాయి.

పెద్దాయనకి స్నానం దగ్గర్నుంచి సాయంత్రం నడక దాకా రెండేళ్ళుగా అన్నీ చూసుకునే మనిషి బాబాయి. వరసకి ఏమీ కాడు. అయినా ఆ ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. మెత్తని మాట, చప్పుడు లేని నడక. కుక్కని దుప్పట్లో చుట్టి ఆటో దాకా మోసుకొచ్చింది ఆయనే.

"పెరటి గోడ దగ్గర ఏదో నాకుతుంటే చూశానండి. పక్కింటి మాస్టారు మొన్నే అన్నాడు, ఈ కుక్క నోరు మూయిస్తానని."

"పడిపోయాక ఏం చేశారు?"

"కక్కిద్దామని ఉప్పు నీళ్ళు పట్టించానండి. కొంచెం కక్కాడు కూడా."

డాక్టరమ్మ అంతెత్తున లేచింది. "ఎవరు చెప్పారయ్యా నీకు ఈ వైద్యం? తెలివి తప్పుతున్న కుక్క నోట్లో నీళ్ళు పోస్తే కడుపులోకి పోవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ ఉప్పే విషమవుతుంది. మింగింది గుచ్చుకునేదో ఒళ్ళు కాల్చేదో అయితే, కక్కించడమంటే చేజేతులా చంపడమే. అది ఏం మింగినా సరే, మీరు చెయ్యాల్సింది ఫోను. ఫోను చేసి, దాన్ని ఎత్తుకుని పరిగెత్తుకు రావడం. కక్కింది తెచ్చారా?"

"లేదండీ. ఫినాయిల్ వేసి కడిగేశాను. పెద్దాయనకి వాసన పడదు."

"బంగారంలాంటి పని చేశావు. అందులో ఏముందో చూస్తే సగం వైద్యం అయిపోయేది," అంటూ డాక్టరమ్మ దొర పెదవి పైకెత్తి చూసింది. చిగుళ్ళు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. కూతురు ఒక్కసారిగా బావురుమంది. బాబాయి ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకోండమ్మాయిగారూ," అని ఓదారుస్తూ, "గుండె మరీ నెమ్మదైపోతే మళ్ళీ కొట్టించే మందుంటుందా, డాక్టరమ్మగారూ?" అని అడిగాడు.

"అన్నీ ఉంటాయి. మీరిద్దరూ కాస్త బయటికి నడవండి. మీరు కాదు," అని భూతద్దం వైపు వేలు చూపించింది డాక్టరమ్మ. "మా అసిస్టెంటు సెలవులో ఉన్నాడు. మీరు కాలు వదలకండి."

తలుపు మూసుకుంది. డాక్టరమ్మ స్టెతస్కోపు మెడలోంచి తీసి దొర డొక్క మీద ఆనించింది. వింటున్న కొద్దీ ఆమె మొహం మారిపోయింది. దొర ఒంటికి తీగలు తగిలించి గోడ మీది చిన్న తెర వెలిగించింది; అందులో దొర గుండె పచ్చటి గీతగా పాకసాగింది. గీత లేచినప్పుడల్లా ఒక కూత వినిపిస్తోంది. కూతకీ కూతకీ మధ్య భూతద్దం ఊపిరి బిగబట్టుకుంటోంది. ప్రతిసారీ ఇక రాదనుకునేలోపు మరొకటి వస్తోంది.

"ఎలుకల మందు కాదిది," అంది డాక్టరమ్మ. "వాటిలో చాలా రకాలు పని చెయ్యడానికి రోజులు పడుతుంది. పళ్ళలోంచో ముక్కులోంచో రక్తం కారుతుంది. ఇక్కడ రక్తం లేదు, గుండె కూర్చుండిపోతోంది, అంతే. ఆ ఇంట్లో గుండె మాత్రలు వేసుకునేవాళ్ళు ఉన్నారా?"

"పెద్దాయన వేసుకుంటారు."

"కుక్క వాటిని పట్టేసిందేమో. ఎన్ని తగ్గాయో లెక్క చూశారా?"

"దారిలోనే అడిగాను. కూతురు ప్రతి ఆదివారం తన చేత్తో మందుల డబ్బా నింపుతుంది. రోజుకి మూడు గళ్ళు. ఇవాళ్టి గళ్ళలో పొద్దుటిది ఒక్కటే ఖాళీ. అది పెద్దాయన వేసుకున్నారు. మిగతా అన్నీ ఉన్నాయి."

"అయితే కుక్కకి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది డాక్టరమ్మ. సమాధానం కోసం ఆగకుండా, ఊపిరి ఆడేందుకు ఒక గొట్టం, కడుపు కడిగేందుకు ఇంకో గొట్టం వేసింది. భూతద్దం కళ్ళు మూసుకుంది. నీళ్ళు గిన్నెలో పడ్డ చప్పుడుకి మళ్ళీ తెరిచింది. వాటిలో తెల్లటి నలుసులు, మెత్తగా నలిగిన పసుపు ముద్ద ఒకటి.

డాక్టరమ్మ వాసన చూసింది. "అరటిపండు."

భూతద్దం బయటికొచ్చేసరికి వరండా బల్ల మీద కూతురు ఒక్కతే ఉంది. "బాబాయి ఇంటికెళ్ళాడు," అంది. "నాన్నకి మధ్యాహ్నం మాత్ర వేళవుతోందట. తను లేకపోతే వేసుకోరని కంగారు. పాపం, దొర గురించి అంత బెంగలో కూడా నాన్నని మర్చిపోలేదు."

"దొరకి అరటిపండు పెడతారా మీరు?"

"అస్సలు పెట్టం. వాడికి పడదు, కడుపు పాడవుతుంది. పెట్టొద్దని నాన్నకి కూడా గట్టిగా చెప్పాం. మా దొర బతుకుతాడా అండీ?"

అబద్ధం చెప్పడం భూతద్దానికి చేతకాదు. "డాక్టరమ్మ చెయ్యి మంచిదే," అని మాత్రం అని మెట్లు దిగింది. ఆ పచ్చటి గీత కూత ఇంటికి చేరేదాకా చెవుల్లోంచి పోలేదు.

ఇంటి గుమ్మం దగ్గర కానిస్టేబుల్ ఒక్కడే ఉన్నాడు. పెద్దాయన ఇంట్లో లేరని, ఇన్‌స్పెక్టర్ గారు ఆయన్ని వేరే చోటికి మార్చారని చెప్పాడు. ఎక్కడికి అంటే, చెప్పమనలేదన్నాడు. పక్కింటి మాస్టారిని మాత్రం స్టేషన్‌కి తీసుకెళ్ళారట. పక్కింటి కిటికీలో మాస్టారి భార్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. భూతద్దాన్ని చూసి ఏదో అడగబోయి, మానేసి, కిటికీ మూసేసింది.

భూతద్దం గోడ దగ్గరికి పోలేదు. తిన్నగా పెద్దాయన గదిలోకి నడిచింది.

గది శుభ్రంగా ఉంది. ఎంత శుభ్రంగా ఉందంటే, ఫినాయిల్ వాసనకి కళ్ళు మండాయి. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. కుక్క కూలబడింది వీధి గుమ్మంలో. కక్కిందీ అక్కడే. మరి ఈ గదిని ఎందుకు కడిగినట్టు?

కిటికీ పక్కన చేతుల కుర్చీ ఉంది. ఎదురుగా చిన్న బల్ల, దాని మీద ఖాళీ గ్లాసు, పళ్ళెం, పండ్లు కోసుకునే చాకు. చాకు మీద నల్లబడిన అరటిపండు జిగురు. భూతద్దం కుర్చీలో కూర్చుంది. పెద్దాయన కూర్చున్నట్టే వెనక్కి వాలి, ఎడమ చెయ్యి కిందికి వేలాడేసింది. కుర్చీ కుడి చేతికి రంగు నిగనిగలాడుతోంది. ఎడమ చేతి అంచున రంగు పోయి, చెక్క తేలి, నున్నగా అయిపోయింది. వేలితో రాసి చూసింది. మనిషి చెయ్యి రుద్దుకుంటే పైభాగం అరుగుతుంది. ఇక్కడ అరిగింది కింది అంచు. అంటే కింద కూర్చుని పైకి నాకే నాలుక చేసిన పని. ఒక్క రోజులో అయ్యే పని కాదు.

ఆవిడ నేల మీద మోకరిల్లింది. ఆ వాసనలో తల నేలకి ఆనించి, కుర్చీ కిందికి, గోడ మూలకి చూసింది. తడిబట్ట అక్కడిదాకా పోలేదు. గోడకీ కుర్చీ కాలికీ మధ్య కుక్క వెంట్రుకల ఉండ ఒకటి, దాన్ని అంటుకుని రెండు తెల్లటి మాత్రలు. సగం కరిగి ఎండిపోయినవి. ఒకదాని మీద పంటి గాటు స్పష్టంగా ఉంది.

కొక్కేనికి పెద్దాయన చొక్కా వేలాడుతోంది. ఎడమ జేబులో చెయ్యి పెట్టింది. వేళ్ళకి జిగురుగా తగిలింది. తీసి చూస్తే అరటిపండు, లోపల ఇంకో మాత్ర.

భూతద్దం నవ్వబోయింది. పెద్దాయన గడుసువాడే. మాత్రలంటే ఇష్టం లేదు. కూతురితో గొడవా ఇష్టం లేదు. అరటిపండు ముక్కలో మాత్ర పెట్టి, నోట్లో వేసుకుని, మింగినట్టు నటించి, బుగ్గన దాచి, ఎవరూ చూడనప్పుడు ఎడమ చేత్తో కిందికి అందిస్తే, కింద దొరగారు సిద్ధంగా ఉంటారు. ఒక్కోసారి దొర పండు తిని మాత్ర ఉమ్మేసి ఉంటాడు. ఎక్కువసార్లు రెండూ మింగి ఉంటాడు. ఆ పెద్ద ఒంటికి రోజూ ఒక మామూలు మాత్ర వల్ల కొంపలేమీ మునగలేదు.

ఆ నవ్వు పెదవుల దాకా రాకుండానే చచ్చిపోయింది. రోజూ మునగని కొంప ఇవాళెందుకు మునిగింది?

పొద్దుటి గడిలో ఇవాళ ఉన్నది రోజూ ఉండే మాత్ర కాదు కాబట్టి. అది కుక్క కోసం పెట్టింది కాదు. ఆ డబ్బాలో ఉన్న ప్రతి మాత్రా ఒక్క మనిషి కోసమే.

భూతద్దం గదంతా కలియజూసింది. డబ్బా కోసం బల్ల మీద వెతికింది. అలమరలో వెతికింది. దిండు ఎత్తి చూసింది. డబ్బా లేదు.

"ఏం పోగొట్టుకున్నారు, భూతద్దం గారూ?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చంకలో లాఠీ. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. రెండు కేసుల్లో ఆవిడ చెప్పింది నిజమై ఆయన పేపర్లలో అభాసుపాలయ్యాడు. అది ఆయన మర్చిపోలేదు, ఆవిడా మర్చిపోనివ్వలేదు.

"కుక్కల కేసులు కూడా ఒప్పుకుంటున్నారా ఈ మధ్య?" అన్నాడు.

"మనుషుల కేసులు పాడుచెయ్యడానికి మీరున్నారు కదా. మిగిలినవి నాకు. పెద్దాయన ఎక్కడున్నారు?"

"చెప్పను. చెప్తే అది రహస్యం ఎలా అవుతుంది? కుక్కకి మందు పెట్టారంటే అర్థమేమిటి? గోడ దూకేముందు దాని నోరు మూయించారన్నమాట. ఈ రాత్రికో రేపో మనుషులు దిగుతారు. పక్కింటాయన వాళ్ళ మనిషే. అందుకే పెద్దాయన్ని గంట క్రితమే మార్చేశాను. కిటికీల్లేని గది, కింద మా వాడు కాపలా. ఇక్కడుండగా వంటింట్లో ప్రతి గిన్నే మా కానిస్టేబుల్ రుచి చూశాకే ఆయన ముందుకెళ్ళింది. ఇంకేం కావాలి?"

"మాత్రలు కూడా రుచి చూశాడా మీ కానిస్టేబుల్?"

"అదేం ప్రశ్న?"

ఆవిడ ఎండిన మాత్రలున్న అరచెయ్యి చాచింది. గబగబా చెప్పింది. కుర్చీ అంచు, చొక్కా జేబు, కుక్క కడుపులో అరటిపండు, కడిగేసిన నేల. ఇన్‌స్పెక్టర్ మొదట పెదవి విరిచాడు. పంటి గాటు చూశాక లాఠీ చంకలోంచి చేతిలోకి తీసుకున్నాడు.

అంతలో ఆవిడ ఫోను మోగింది. డాక్టరమ్మ. "దొర కళ్ళు తెరిచాడు. గుండె మందులకి విరుగుడు వేస్తే గీత లేచింది. ఇక అనుమానం లేదు, అది గుండె మాత్రే. మామూలు మోతాదు కాదు, దానికి ఎన్నో రెట్లు ఉండాలి. అంత కుక్కనే గంటలో పడేసిందంటే..." డాక్టరమ్మ ఆగింది. "ఆ ముసలాయనకి ఇంకో మాత్ర ఇవ్వనివ్వకండి."

భూతద్దం ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే అంది. "ఇన్‌స్పెక్టర్ గారూ, మీ వాడికి ఫోన్ చెయ్యండి. పెద్దాయనకి మధ్యాహ్నం మాత్ర ఇవ్వొద్దని చెప్పండి. ఇప్పుడే."

ఇన్‌స్పెక్టర్ మొహంలో రంగు పోయింది.

"ఏమైంది?"

"నేనే..." చేతిలోని లాఠీ బల్ల మీద పెట్టేశాడు. "నేనే దగ్గరుండి మింగించాను."

గదిలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎన్నాళ్ళుగానో ఒకరి ఓటమి కోసం ఒకరు కాచుకున్నవాళ్ళు. ఆ క్షణాన భూతద్దానికి గెలిచానన్న ఊహే రాలేదు. ఆ పచ్చటి గీత కళ్ళ ముందు కనిపించింది.

పొద్దున డాక్టరమ్మ అడిగిన మూడు ప్రశ్నలే ఆవిడ నోట వచ్చాయి. "ఏం మింగారు? ఎంత? ఎప్పుడు?"

"డబ్బాలో మధ్యాహ్నం గడిలోది. ఒక్కటే. ఒంటిగంటకి."

గోడ గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది. ఫోన్లోనే ఉన్న డాక్టరమ్మ అంతా విన్నట్టుంది. "పెద్దాసుపత్రికి నేను చెప్తాను. అంబులెన్సు ఎక్కడికి పంపాలో చెప్పండి. ఆయన్ని కక్కించే ప్రయత్నం ఎవరూ చెయ్యొద్దు, పడుకోబెట్టి ఉంచండి చాలు," అంది.

ఈసారి ఇన్‌స్పెక్టర్ రహస్యం గురించి ఆలోచించలేదు. వంతెన అవతల పోలీసు అతిథి గృహం, పై అంతస్తు, చివరి గది అని అరిచాడు. డాక్టరమ్మ ఫోను పెట్టేసింది.

"రోజూ మాత్రలు బాబాయి కదా ఇచ్చేది," అంది భూతద్దం. "మీరెందుకు పూనుకున్నారు?"

"ఆయనే అడిగాడు. 'పెద్దాయన సరిగ్గా మింగరు సార్, నా మాట లెక్కచెయ్యరు, మీరు చెప్తే భయానికైనా మింగుతారు' అన్నాడు. నాకూ అది బాధ్యత అనిపించింది. నోరు తెరిపించి, నాలుక పైకెత్తించి మరీ చూశాను."

భూతద్దానికి ఆసుపత్రి గదిలో కూతురి ఏడుపు, ఆమె భుజం మీద మెత్తగా వాలిన చెయ్యి గుర్తొచ్చాయి. గుండె మరీ నెమ్మదైపోతే మళ్ళీ కొట్టించే మందుంటుందా? అందరూ ఎలుకల మందనీ కడుపనీ అంటున్న సమయం. ఎలుకల మందని చెప్పిందే ఆయన. అప్పటికి డాక్టరమ్మ స్టెతస్కోపు మెడలోంచి తియ్యనైనా లేదు. ఆ కుక్క గుండె సంగతి ఆ గదిలో తెలిసింది ఒక్కడికే.

"కుక్క పడిపోగానే వాడికి అర్థమైపోయింది," అంది. "పెద్దాయనకి ఇచ్చింది దొర కడుపులోకి పోయిందని. ఉప్పు నీళ్ళు పోసింది కుక్కని బతికించడానికి కాదు. లోపలున్నది బయటికి తెప్పించి కడిగెయ్యడానికి. ఈసారి తప్పకూడదని మీ చేత మింగించాడు. రేపు ఏమన్నా అయితే, మాత్ర ఇచ్చిన చెయ్యి మీది."

"రెండేళ్ళుగా ఇంట్లో మనిషి!"

"ఎవడు కొన్నాడో, ఏం చూపించి బెదిరించాడో తర్వాత తేలుద్దాం. ఇప్పుడు వాడెక్కడున్నాడు?"

అడిగేటప్పటికే సమాధానం ఆవిడకి తెలుసు. ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోను నొక్కుతున్నాడు. తొందరలో ఒకసారి తప్పు నొక్కాడు.

"గదిలో ఆయనకి తోడు వాణ్ణే వదిలి వచ్చాను," అన్నాడు.

అవతల ఫోను మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఆ మోతల మధ్య భూతద్దానికి కుర్చీ కింది మాత్రలు మళ్ళీ గుర్తొచ్చాయి.

"నాలుక కింద చూశారు. బుగ్గలో చూశారా?"

ఇన్‌స్పెక్టర్ తెల్లబోయాడు. "అరటిపండు ముక్కతోనే వేసుకున్నారు. గుటక వేసినట్టే అనిపించింది. ఎడమ బుగ్గ కొంచెం ఉబ్బుగా ఉంది. పళ్ళు లేక కాబోలనుకున్నాను." చెబుతుండగానే ఆయన కళ్ళలోకి ప్రాణం వచ్చింది. "అంటే మింగలేదేమో! నన్ను కూడా బురిడీ కొట్టించాడేమో ముసలాయన!"

అలా అయితే బాగుండునని భూతద్దం కూడా ఒక్క క్షణం ప్రాణం పెట్టి కోరుకుంది. తొమ్మిది మంది తరఫున నోరు విప్పాల్సిన మనిషి, ఆ నోట్లోనే చావుని దాచుకుని కూర్చుని ఉండొచ్చు. అంతలోనే రెండో సగం తట్టింది.

"ఆయన బుగ్గన దాస్తారని పొద్దుటి దాకా ఎవరికీ తెలీదు," అంది. "ఇప్పుడు వాడికి తెలుసు. పైగా అక్కడ ఇవ్వడానికి కుక్క లేదు."

అవతల ఫోను ఎత్తారు. కాపలా కానిస్టేబుల్ గొంతు. ఇన్‌స్పెక్టర్ స్పీకరు నొక్కాడు.

"ఎక్కడ చచ్చావురా?"

"కిందే ఉన్నా సార్. మీరెళ్ళగానే బాబాయి గారు టీ తాగి రమ్మన్నారు. పెద్దాయనకి నిద్ర పట్టిందట, పైన చప్పుడు చెయ్యొద్దన్నారు."

"పైకి పరిగెత్తు. ఫోను పెట్టెయ్యకు."

మెట్ల మీద బూట్లు దడదడలాడాయి. ఇటు వీళ్ళిద్దరూ జీపు వైపు పరుగు తీశారు. భూతద్దం కళ్ళద్దాలు జారి ముక్కు చివరికొచ్చాయి, సర్దుకోలేదు. జీపు కదిలింది. వంతెనకి ఇంకా చాలా దూరం.

"తలుపు లోపల గడియ పెట్టుంది సార్," అన్నాడు కానిస్టేబుల్ రొప్పుతూ.

"పగలగొట్టు!"

"ఒక్క నిమిషం సార్... లోపల మాటలు వినబడుతున్నాయి. పెద్దాయన మెలకువగానే ఉన్నట్టున్నారు."

"పగలగొట్టరా అంటే!"

దబ్బున భుజం తగిలిన మోత. తలుపు మూలిగింది, ఊడలేదు. కానిస్టేబుల్ రెండో దెబ్బకి వెనక్కి జరిగినప్పుడు ఆ కాస్త నిశ్శబ్దంలో, తలుపు అవతలి గొంతు ఫోనులోకి కూడా వచ్చింది. తొందర లేదు, కోపం లేదు. రెండేళ్ళుగా ఆ ఇంటిల్లిపాదీ నమ్మిన మెత్తని గొంతే అది.

"నేనే కదా పెద్దాయనా, భయమెందుకు? దొర బానే ఉన్నాడు. ఇప్పుడే వాడి దగ్గరికి తీసుకెళ్తాను. ముందు ఆ బుగ్గలోది మింగెయ్యండి. ఊఁ... నోరు తెరవండి, చూస్తాను."